కాకినాడ ప్రక్కన పుదుచ్చేరి



గడచిన శ్రావణమున ఒక సాయంకాలము, రాయదుర్గము నుండి గచ్చిబౌలి వైపు పోవు బాటలో, బయోడైవర్సిటీ కూడలికి ఇంకను అర కిలోమీటరు దూరముండగనే, వాన చేతను వాహనముల రద్దీ చేతను ముందునకు గాని వెనుకకు గాని పోలేక నిలిచిపోయిన ఒక క్యాబులో నేను కూర్చుండి యుంటిని. ఇరుప్రక్కల గాజు మేడలలో అంతస్తు వెంట అంతస్తుగా దీపములు వెలుగుచుండెను. మెడలలో ఆఫీసు బిళ్లలు వ్రేలాడుచుండగా, ల్యాప్‌టాపు సంచులు తలలపై పెట్టుకొని యువతీయువకులు మెట్రో స్టేషను వైపు పరుగిడుచుండిరి. మా ముందు ఒక పెద్ద తెల్లని కారు నిలిచి యుండెను. వైపరు అద్దముపై అటునిటు కదలినపుడెల్ల ఆ కారు నంబరు పలక ఒక్క క్షణము తేటపడి మరల చెదరిపోవుచుండెను: పీవై 04.

మా డ్రైవరు, 25 ఏండ్లకు మించని పిల్లవాడు, ఆ పలకనే చూచుచు అడిగెను:

"సార్, పీవై అంటే ఏ రాష్ట్రం?"

"పుదుచ్చేరి."

"అమ్మో, అంత దూరం నుంచి వచ్చిండా?"

"లేదు బాబూ. సున్నా నాలుగు అంటే యానాం. కాకినాడ పక్కనే."

అతడు కొంతసేపు స్టీరింగుపై వ్రేళ్లతో తాళము వేసి, "కాకినాడ పక్కనుంటే ఆంధ్రా కావాలె గద సార్. పుదుచ్చేరి ఎట్లయింది?" అనెను.

వాహనములు కదలలేదు గనుక నేను చెప్ప నారంభించితిని. ఆ గంటసేపులో చెప్పినదియు, చెప్పలేక మిగిలినదియు కలిపి ఈనాడు మీకు విన్నవించుకొందును.

ముందుగా ఒక మాటను గూర్చి హెచ్చరింపవలసి యున్నది. మన భాగ్యనగరమున 'కాలనీ' యనిన ఎవరికిని గుండె ఝల్లుమనదు. ఒక ఇనుప గేటు, గేటు వద్ద కుర్చీలో ఒక వాచ్‌మను, గోడపై సంక్షేమ సంఘము వారి బోర్డు, భాద్రపదమున ఒక వినాయక మండపము, ఇంతియే కాలనీ. అటువంటి రెండు కాలనీలు ఒక్క మండపమునకు ఒప్పుకొని ఏకమగుట ఎంత దుర్ఘటమో ఆ సంఘముల కార్యదర్శులకే ఎరుక. నేను చెప్పబోవు కాలనీలు వేరు. సముద్రము దాటి వచ్చిన ఒక జాతి, పరుల నేలపై పాతిన తన జెండా క్రింద, ఆ నేలమీది జనులకు తన చట్టమును, తన నాణెమును, తన పగలను గూడ అంటగట్టిన తావులవి. మన తెలుగు నేల అట్టివానిని ఒక్క జాతి నుండి కాదు, నాలుగు జాతుల నుండి చవిచూచినది.

తీగల వంతెనపై నుండి దుర్గము చెరువును చూచువారిలో ఎందరికి తెలియునో గాని, ఆ చెరువు నీరు ఒకప్పుడు గోలకొండ కోటవారి దాహము తీర్చినది. ఆ కోటకు సముద్రపు వాకిలి బందరు. ఆ వాకిట కలంకారీ వస్త్రముల కొరకు, వజ్రముల కొరకు, 17వ శతాబ్ది ఆరంభముననే వలందులు, అనగా డచ్చివారు, దిగిరి. 1611లో ఇంగిలీషువారు వచ్చిరి. 1669లో గోలకొండ సుల్తాను అనుమతితో పరాసులు, అనగా ఫ్రెంచివారు, గిడ్డంగి పెట్టిరి. బుడతకీచులు, అనగా పోర్చుగీసువారు, వీరందరికంటె ముందే ఈ సముద్రమున తిరుగాడుచుండిరి. ఈ పేర్లు మన పూర్వులు తమ నోటికి వీలుగా మలచుకొన్నవి. వీనిలో నాకు నచ్చిన గుణమేమనగా, చరిత్ర పుస్తకములు మరచిన విషయమును ఇవి మరువవు. ఈనాటికిని బందరునకు పోయి ఆటోవానితో పరాసుపేట యన్నను, వలందపాలెమన్నను, ఇంగ్లీషుపాలెమన్నను అతడు తిన్నగా తీసికొనిపోయి దింపును. మూడు సామ్రాజ్యముల వైరమంతయు ఆ ఊరిలో మూడు పేటల పేర్లుగా మిగిలినది.

గోలకొండ 1687లో ఔరంగజేబు వశమైనది. మొగలు రాజ్యము సడలగా 1724లో దక్కనున ఆసఫ్‌జాహీ ప్రభుత్వము స్థిరపడినది. పరాసులు గౌతమీ తీరమున యానామున కాలూనినదియు ఆ దశకముననే. నడుమ కొన్నాళ్లు విడిచిపోయి, 1731లో మరల వచ్చిరి. కొలదిపాటి దూరముననే ఇంజరమున ఇంగిలీషువారి బట్టల కొట్టు. కాకినాడ జగన్నాథపురమునను, పాలకొల్లునను, భీమునిపట్టణమునను వలందుల కొట్లు. ఒకే నేతగాడు నేసిన పంచెల చాపు ఏ కొట్టుకు పోవునో దానిని బట్టి అతడు ఎవరి మనిషియో నిర్ణయమగుచుండెను. అంతవరకు ఇది వర్తకుల పోటీ. ఐరోపాలో యుద్ధము రేగిన నాడు ఇదియే పోటీ కత్తులు పట్టినది.

మొదటి నిజాము 1748లో మరణింపగా వారసుల నడుమ కలహము పుట్టినది. నాసర్‌జంగు హతుడయ్యెను, అతని వెనుక ముజఫర్‌జంగు హతుడయ్యెను. 1751లో బుస్సీ యను పరాసు సేనాని సలాబత్‌జంగును గద్దె నెక్కించి, ఆ గద్దెకు తానే కావలి కాయుటకు నిలిచెను. తన సేనకు జీతముల క్రింద 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను వ్రాయించుకొనెను. అనగా, ఈనాడు కోస్తా యని మనము చెప్పుకొను నేలలో అధికభాగము ఒక కిరాయి సేన జీతపు పట్టీలో ఒక పంక్తిగా చేతులు మారినది! సలాబత్‌జంగునకు విసుగు పుట్టి బుస్సీని వెళ్లగొట్టదలచినపుడు, 1756 వేసవిలో, బుస్సీ హైదరాబాదులోనే చార్‌మహలు తోటలో సేనతో గూడ మకాము పెట్టి, బందరు నుండి సహాయము వచ్చువరకు కదలకుండెను. అనంతరము శాంతి కుదిరినది. బుస్సీ మరల సర్కారులకు పోయెను. ఆ పోవుటలో, 1757 జనవరి 24వ తేదీన, బొబ్బిలి కోట వద్ద జరిగిన దానిని తెలుగువారికి నేను చెప్పనక్కర లేదు. తాండ్ర పాపారాయని కథను జంగములు వీధివీధిని పాడిరి.

అయితే ఆ కథ విని మనము కంటతడి పెట్టుకొనునపుడు ఒక సంగతి మరుగున పడుచుండును. విజయనగరము వారికి బొబ్బిలివారితో పాత పగ గలదు. పరాసులకు ఆంగ్లేయులతో పాత పగ గలదు. ఈ రెండు పగలును ఒండొరు వాడుకొన్నవి. విజయనగర ప్రభువు విజయరామరాజు హతుడైన పిదప, ఆయన గద్దెకు వచ్చిన ఆనందరాజు పరాసులతో పడక, వంగదేశమున నున్న ఆంగ్ల సేనాని క్లైవునకు కబురంపెను. క్లైవు పంపగా వచ్చిన కర్నలు ఫోర్డు 1758 డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తి వద్ద పరాసులను ఓడించి, 1759 ఏప్రిల్ 8వ తేదీ తెల్లవారుసరికి బందరు కోటను పట్టుకొనెను. సలాబత్‌జంగు తన మహాసేనతో కొలది ఆమడల దూరమున విడిసి యుండియు, జరిగినదంతయు చూచి, గెలిచినవారితో మే నెలలో ఒడంబడిక చేసికొనెను.

ఇక్కడ నాకు మిక్కిలి వింతగా తోచిన ఒక ముచ్చట చెప్పవలయును. ఆ యుద్ధము ముగిసి, 1763 ఫిబ్రవరి 10వ తేదీన పారిసు నగరమున ఇంగ్లండు, ఫ్రాన్సు, స్పెయిను దేశముల రాయబారులు సంధిపత్రముపై చేవ్రాలు చేసిరి. అందులో పదునొకండవ ప్రకరణమున, సలాబత్‌జంగే దక్కనునకు న్యాయమైన సుబేదారని ఇంగ్లండును ఫ్రాన్సును ఏకకంఠముగా అంగీకరించినవి. ఆ అక్షరములు కాగితమున కెక్కు వేళకు ఆ సుబేదారు ఎక్కడ ఉండెను? తమ్ముడు నిజాం అలీ అంతకు ఏడు నెలలు ముందే అతనిని పదభ్రష్టుని చేయగా, బీదరు కోటలో బందీయై యుండెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో అతడు అక్కడనే అంతమొందెను. లోకమంతయు ఎవనిని రాజని ఒప్పుకొన్నదో వానికి తన గది తలుపు తీసికొను అధికారము లేదు! మన భాగ్యము అంత దూరమున, అంత ఆలస్యముగా, అంత అజ్ఞానముతో నిర్ణయింపబడుచుండినదనుటకు ఇంతకంటె వేరు తార్కాణ మక్కరలేదు. ఆ సంధి పత్రమే పరాసులకు వారి పాత కొట్లను తిరిగి యిచ్చినది. యానాము మరల పరాసులదైనది. కాకినాడ ప్రక్క ఊరు పుదుచ్చేరి యగుటకు మొదటి ముడి అక్కడ పడినది.

రెండవ ముడి హైదరాబాదులోనే బిగిసినది. రాయదుర్గములో మెట్రో ఎక్కి, అమీరుపేటలో దిగి ఎర్ర లైనుకు మారినచో, మలకుపేట దాటిన పిదప మూసారాంబాగు స్టేషను వచ్చును. ఈ దారిని పోవువారిలో నూటికొక్కరు కూడ ఆ పేరులోని పెద్దమనిషి ఎవడని తలపోయరు. అతడు 'మూసా రాము'. హిందువుల నోట మూసారాముడు, ముసల్మానుల నోట మూసా రహీము. అసలు పేరు మొస్యూ రేమాఁ, గాస్కనీ సీమలో 1755లో పుట్టిన పరాసు. నిజాం అలీ కొలువులో చేరి, తోపులు పోత పోయించి, వేలకొలది సిపాయిలను ఫ్రెంచి పద్ధతిని తీర్చిన వాడు. నగరము నడుమ తోప్‌కా సాంచా యను తావు, నేటి గన్‌ఫౌండ్రీ, ఆ కాలపు జ్ఞాపకమే. అస్మాన్‌గఢ్ గుట్టపై నల్లరాతి స్తంభముగా లేచిన అతని సమాధి వద్దకు నేనొకప్పుడు ఎండపొద్దున పోయితిని. పొడుగైన రాయి, దానిపై శిలువ గాని నెలవంక గాని లేదు. మెట్లపై కూర్చుండి ఇద్దరు పిల్లలు గాలిపటము దారమునకు గాజుపొడి పూయుచుండిరి. ఎవరి గోరీ యని యడుగగా వారిలో చిన్నవాడు, "మూసారాందే. నిజాం దోస్తు" అని చెప్పి, మరల తన పనిలో పడెను. రెండు శతాబ్దముల దౌత్యచరిత్రకు ఇంతకంటె పొట్టి భాష్యము నేను వినలేదు.

రేమాఁ 1798 మార్చిలో మరణించెను. ఆ వేసవి గడచునంతలో నెపోలియను ఈజిప్టున దిగెను. అచ్చటి నుండి శ్రీరంగపట్టణమునకు, టిప్పు సుల్తానునకు దారి దొరకునేమో యను భయము కలకత్తాలోని గవర్నరు జనరలు వెల్లస్లీని పట్టుకొన్నది. సెప్టెంబరు 1వ తేదీన నిజామునకును ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీకిని సైన్యసహకారపు ఒడంబడిక ముగిసినది. అక్టోబరులో, జీతములు రాక కడుపు మండిన ఆ సిపాయిలే తమ ఫ్రెంచి అధికారులను నిర్బంధించి యుండగా, కంపెనీ అధికారులైన కిర్క్‌పాట్రికు, మాల్కము ప్రభృతులు తోపులతో చుట్టుముట్టి ఆ సేనను నెత్తురు చిందకయే నిరాయుధము చేసిరి. నైలు నదీతీరమున ఎవడో దిగినందున మూసీ నదీతీరమున వేలమంది ఒక్క పూటలో కొలువు పోగొట్టుకొనిరి. ఉద్యోగము ఊడుటకు గల కారణము మరియొక ఖండమున నుండుట మన సాంకేతిక ఉద్యోగులు మాత్రమే ఎరిగిన దుఃఖము కాదని ఇందువలన తెలియుచున్నది.

నెపోలియను పతనమైన పిదప, 1814 నాటి పారిసు సంధిలో ఫ్రాన్సునకు తన పాత తావులు తిరిగి దక్కినవి. అయితే కోట కట్టరాదు, పోలీసు పనికి కావలసినంతకు మించి సైనికులను ఉంచరాదు. అనగా పల్లు పీకిన పాము వలె అవి మిగిలినవి. వలందులు 1824 నాటి ఒడంబడికతో తమ కొట్లను ఆంగ్లేయులకు ఒప్పగించి, భీమిలిలో సమాధులను మాత్రము విడిచి వెడలిపోయిరి. పరాసులు పోలేదు. 30 చదరపు కిలోమీటర్ల యానాము, నాలుగు దిక్కులను ఆంగ్లేయ గోదావరి జిల్లా చుట్టియుండగా, నడి గోదారిలో లంక వలె నిలిచియుండెను.

అక్కడి జీవితమును గూర్చి పెద్దలు చెప్పుకొను కబుర్లు సరసములు. యానాము మంగళవారపు సంతకు సరిహద్దు దాటి వచ్చువారు సరుకులతో పాటు సుంకము కట్టని సీమ వస్తువులను గూడ సంచి అడుగున దాచుకొని పోవువారట. ఇక 1929లో బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము వచ్చినపుడు, అది ఆంగ్లేయుల చట్టము గనుక ఫ్రెంచి నేలపై చెల్లదని గ్రహించి, గోదావరి జిల్లాల గృహస్థులు పెట్టెబేడలతో, పురోహితులతో, సన్నాయి మేళములతో యానామునకు తరలివచ్చి, బొమ్మలాటలు తీరని పిల్లలకు అక్కడ మూడు ముళ్లు వేయించి, మరునాడే తిరుగు ప్రయాణమైరి. అందులకే ఆ ఊరికి కల్యాణపురమని పేరు వచ్చినది. సరిహద్దు రేఖ మనుష్యుని లోభమునకు ఎట్లు ఉపయోగపడునో చెప్పుటకు ఈ కథను నవ్వుచు చెప్పుదురు. ఆ పెండ్లికూతుళ్ల వైపు నుండి చూచినచో నవ్వు సగములో ఆగిపోవును.

ఇది చెప్పుచుండగా మా డ్రైవరు నన్ను మధ్యలో ఆపెను.

"మాది గూడ అట్లనే సార్. మాది మునగాల పక్కన పల్లె. చుట్టూ నిజాముది, మునగాల మటుకు ఇంగ్లీషోల్లది అని మా తాత చెప్తుండె. నాకా కాడ మూట ఇప్పి చూపియ్యకపోతే పోనిస్తుండకపోయిరంట."

నేను ఆశ్చర్యముతో అతని వైపు చూచితిని. యానాము ఆంగ్ల సముద్రమున ఫ్రెంచి లంక యైనచో, మునగాల పరగణా నిజాము సముద్రమున ఆంగ్ల లంక. ఈనాడు సంక్రాంతికి ఊళ్లకు పోవు ఐటీ ఉద్యోగుల కార్లు విజయవాడ రహదారిపై సూర్యాపేట దాటిన తరువాత ఏ ఊరిని గమనింపకయే వెనుక విడుచునో ఆ మునగాలయే, ఒకనాడు మద్రాసు రాజధానిలోని కృష్ణాజిల్లాకు చెందినది. దాని జమీందారు నాయని వెంకటరంగారావు. దివాను కొమర్రాజు లక్ష్మణరావు. విజ్ఞానచంద్రికామండలి స్థాపకుడు, తెలుగులో విజ్ఞానసర్వస్వమునకు పునాది వేసినవాడు ఇట్టి లంకలో దివానుగిరి చేయుచునే ఆ పనులకు పూనుకొనుట నాకెప్పుడును ముచ్చట గొలుపును. మునగాల పొలిమేరలో కరోడ్‌గిరీ నాకా. నాకాకు ఈవల నిజాము హాలీ సిక్కా, ఆవల ఆంగ్లేయుల కల్దారు రూపాయి, ఏడు హాలీలకు ఆరు కల్దారులు. ఈవల ఫస్లీ సంవత్సరము, ఆవల క్రీస్తు సంవత్సరము. తాతగారు ఎద్దుబండిపై దాటినది ఒక గట్టును మాత్రమే కాదు.

ఇట్లు ముక్కలైన వలససీమలు ఏకమై ఒక దేశమగుట లోకమున మనకొక్కరికే జరిగినది కాదు. అంతర్యుద్ధము ముగిసిన అమెరికాను ప్రక్కన చూచి జంకిన ఆంగ్ల వలసలు 1867లో కెనడాగా కూడుకొన్నవి. జర్మనులు న్యూగినీపై కన్ను వేయుదురేమో యని క్వీన్స్‌లాండు వారు 1883లో ముందుగానే అక్కడ జెండా పాతగా లండను వారు కాదనిరి. మరుసటి యేడే జర్మనులు ఆ దీవి ఈశాన్య భాగమును పట్టుకొనిరి. ఒంటరిగా నున్నచో తమ మాట వినువాడు లేడని ఆస్ట్రేలియా ఖండమందలి ఆరు ఆంగ్ల వలసలకు బోధపడుటకు ఇట్టివి కొన్ని కావలసివచ్చినవి. 1901 జనవరి 1వ తేదీన అవి ఆస్ట్రేలియాగా ఏకమైనవి. ఏకమైన యేడే అవి చేసిన పనులలో ఒకటి, ఏదో ఒక ఐరోపా భాషలో శ్రుతలేఖనము వ్రాయుమని పరీక్ష పెట్టి మనవంటివారిని ఓడ దిగనీయకుండ చేయు చట్టము. ఈనాడు సైబర్ టవర్స్ చుట్టుప్రక్కల వీసా సలహాదారుల బోర్డులపై ఆ దేశపు పటమును చూచినపుడెల్ల నాకు ఆ పరీక్ష జ్ఞాపకము వచ్చును. ఇక్కడ ఒక భేదమును మరువరాదు. అక్కడ కూడుకొన్నవారు వలస వచ్చినవారు. ఒకే మకుటము క్రిందివారు. ఆ నేల అసలు బిడ్డలను వారు లెక్కలోనికి తీసికొనలేదు. ఇక్కడ కూడుకొనవలసినవారు ఆ నేల బిడ్డలే. వారి భాష ఒకటే, వారిపై మకుటములే వేరు. కావున వారికి ఏకమగుట యనగా ఇద్దరు ముగ్గురు దొరలతో వేరువేరుగా తగవు తీర్చుకొనుట.

ఆ తగవులు ఒక్కొక్కటి ఒక్కొక్క ద్వారమున తీరినవి. బందరు పరాసుపేట కొట్టు మొదలగు చిన్న చిన్న ఫ్రెంచి తావులు 1947 అక్టోబరు 6వ తేదీననే, సందడి లేక, భారతదేశమునకు దక్కినవి. హైదరాబాదు సంగతి వేరు. నవంబరు 29న యథాతథపు ఒడంబడిక. దాని చాటున రజాకార్ల దౌర్జన్యము, తెలంగాణ పల్లెలలో సాయుధ రైతాంగ పోరాటము. 1948 సెప్టెంబరు 13న సైనికచర్య. దాని అనంతరము కొన్ని జిల్లాలలో అమాయకులైన ముస్లిము కుటుంబములకు జరిగిన ప్రాణనష్టము. నిజాము ప్రభుత్వము ఐక్యరాజ్యసమితికి మొర పెట్టుకొనగా, భద్రతామండలి ఆ మొరను సెప్టెంబరు 16న చేపట్టినది. ఎక్కడ? పారిసులోనే! మరునాటి సాయంకాలమునకు నిజాము లొంగుబాటును ప్రకటించెను. 1763లో వలెనే 1948లోను పారిసు మన వార్తను అందుకొనుటలో ఒక అడుగు వెనుకబడినది. నిజాము 1935లో నెలకొల్పిన దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరినది. ఈ మైకు ముందు నేను కూర్చుండి మాట్లాడుటయు ఆ చేరికలో ఒక చిన్న ఫలమే.

యానాము మాత్రము ఇంకను వేచియుండెను. దాని విముక్తికి నడుము కట్టినవాడు దడాల రఫేలు రమణయ్య. యానాము ప్రాంతము వాడే, పుదుచ్చేరిలో ఫ్రెంచి ప్రభుత్వపు పోలీసు ఉద్యోగము చేసినవాడే. ఫ్రెంచి యూనిఫారము తొడిగిన చేతితోనే ఫ్రెంచి జెండాను దింపించుట చరిత్రకు ఇష్టమైన వ్యంగ్యములలో ఒకటి. 1954 మే 7వ తేదీన వియత్నాములో దియన్‌బియన్‌ఫూ కోట కూలినది. ఫ్రెంచి సామ్రాజ్యము ఆసియాలో మోకాళ్లపై పడినది. అది జరిగిన అయిదు వారములకు, జూను 13వ తేదీన, రమణయ్య నాయకత్వమున విలీనవాదులు యానాములోని పాలన కార్యాలయమును వశపరచుకొని మువ్వన్నెల జెండా ఎగురవేసిరి. ఫ్రెంచివారు దానిని దౌర్జన్యమనిరి. గోదావరి గట్టున దానిని విముక్తి యనిరి. ఆ అక్టోబరు 18న కీళూరు గ్రామమున ఫ్రెంచి ఇండియా ప్రజాప్రతినిధులు 178 మంది కూడి ఓటు వేయగా, 170 మంది భారతదేశమున చేరుటకు సమ్మతించిరి, 8 మంది కాదనిరి. నవంబరు 1న పాలన చేతులు మారినది. అందులకు సరిగా రెండేండ్లకు, అదే నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించినది. యానాము అందులో చేరలేదు.

ఎందుకు చేరలేదనునదే మా డ్రైవరు ప్రశ్న. సమాధానము 1956 మే 28వ తేదీన భారతదేశమును ఫ్రాన్సును చేసికొన్న ఒడంబడికలో నున్నది. ఆ సీమల పాలనాస్థితిలో మీదట ఎట్టి మార్పు చేయదలచినను, అక్కడి ప్రజల అభిప్రాయమును తెలిసికొన్న తరువాతనే చేయవలయునని అందులో వ్రాసికొనిరి. పుదుచ్చేరి ఫ్రెంచి సంస్కృతికి ఒక గవాక్షముగా నిలువవలెనని నెహ్రూ గారి తలంపు. 1962 ఆగస్టు 16న ఆ ఒడంబడిక అమలులోనికి రాగా, 1963లో పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాము కలిసి ఒక కేంద్రపాలిత ప్రాంతమైనవి. కావున గోదావరి నీరు త్రాగి, తెలుగు మాటలాడి, కాకినాడలో సినిమా చూచు యానాము వాడు 800 కిలోమీటర్లకు పైగా దూరమున నున్న శాసనసభకు సభ్యుని పంపును. అతని వ్యాజ్యము అప్పీలునకు మద్రాసు హైకోర్టుకు పోవును. ఇది అసౌకర్యమని ఎవరైన అనవచ్చును. నాకు మాత్రము ఆ వంకరటింకర పటము అందముగానే తోచును. సామ్రాజ్యములు గీచిన గీతలలో, ప్రజల నడుగక చెరపరాదని వ్రాసికొన్న గీత అది.

ఈ గాజు మేడలను చూపి, "ఇదియు ఒక కంపెనీ రాజ్యమే కదా" యని నిట్టూర్చు మిత్రులు కొందరు నాకు గలరు. 1998లో సైబర్ టవర్స్ తెరచిన నాటి నుండి వినుచున్న మాట ఇది. ఆ పోలిక సోమరితనపు పోలిక యని నా అభిప్రాయము. బందరు దిగిన కంపెనీకి తోపులుండెను, దివానీ యుండెను. ఇక్కడి కంపెనీకి ఉన్నది అద్దె కాగితము. జీతము నచ్చని వాడు రాజీనామా ఇచ్చి ఎదుటి మేడలో చేరును. బుస్సీ సర్కారులలోని రైతునకు ఎదుటి మేడ లేదు.

ఇంతలో వాన వెలిసినది. ముందున్న కార్లు ఒక్కటొక్కటిగా కదలసాగినవి. పీవై 04 కారు కుడి సూచిక దీపము వెలిగించి నానక్‌రామ్‌గూడ వైపు తిరిగినది. మా డ్రైవరు గేరు మార్చుచు, "అంటే సార్, అడగకుండ మార్చొద్దని రాసుకున్నరన్నట్టు" అనెను.

"అంతే బాబూ."

అతడు కొంతదూరము మాటలాడలేదు. మునగాల పరగణాను 1959లో కృష్ణాజిల్లా నుండి తీసి నల్లగొండలో కలిపిన సంగతి నేను చెప్పితిని. అతడు అద్దములో నన్ను చూచి నవ్వెను.

"మరి అప్పుడు మా తాతనెవరన్న అడిగిండ్రా సార్?"

వెనుక నుండి ఎవరో హారను మ్రోగించిరి. దీపము అప్పటికే పచ్చబడి యుండెను.